నూనె చప్పుడు తెలిసిన చెవి

“ఆకుపచ్చగా లేకపోతే అందులో ఆకు వేశారని ఎవరు నమ్ముతారండీ?”

ఫోన్‌లో ఆ గొంతు పట్నంలో కొట్టు నడిపే ఆసామిది. స్పీకర్ పెట్టడంతో షెడ్డులో అందరికీ వినబడింది. మామూలు కొబ్బరినూనెలో పచ్చరంగు, కాస్త తులసి సెంటు కలిపి సబ్బు చేసి పంపితే చాలట. కట్టెలూ మిగుల్తాయి, కూలీ మిగుల్తుంది అని సలహా కూడా ఇచ్చాడు. ఎవరూ బదులు చెప్పలేదు. పొయ్యి దగ్గర గరిటె మాత్రం తిరుగుతూనే ఉంది.

అంబాజీపేటకు దగ్గర్లో, కొబ్బరి తోటల మధ్య ఉందా రేకుల షెడ్డు. మా పిన్ని కూతురు అక్కడి డ్వాక్రా సంఘంలో ఉంది. “సబ్బులు చేస్తున్నాం, వచ్చి నాలుగు ముక్కలు రాయన్నయ్యా” అంటే వెళ్ళాను. అచ్చులు, కోత, ప్యాకింగ్ అన్నీ వరసగా చూపిస్తానంది. నేను పొయ్యి దగ్గరే ఆగిపోయాను.

పొయ్యి ముందు కూర్చున్న పెద్దావిడని అందరూ దొడ్డమ్మ అంటారు. పొద్దున్నే ఎక్కించిన ఇనప మూకుడులో కొబ్బరినూనె, గుంటగలగర రసం సన్నసెగ మీద కాగుతున్నాయి. కిలో నూనెకి పావుకిలో ఆకు ముద్ద, నాలుగు లీటర్ల రసం. ఆయుర్వేదంలో తైలపాకానికి చెప్పిన కొలతా ఇదే: కల్కం, అంటే ముద్ద, ఒక పాలు, నూనె నాలుగు, ద్రవం పదహారు. దొడ్డమ్మకి ఇది వాళ్ళ అత్తగారు నేర్పిన కొలత. రసమంతా ఇగిరేదాకా గరిటె ఆపకూడదు. అడుగంటిందంటే నూనెకి మాడు వాసన పట్టేస్తుంది.

మధ్యాహ్నం దాటాక అడుగునుంచి కాస్త ముద్ద తీసింది. చల్లారాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి వత్తిలా పేనింది. మంటకి అందించి చెవి ఒగ్గింది. చిటచిటమంది. “ఇంకా తడుందండీ బాబూ” అంటూ మళ్ళీ గరిటె అందుకుంది. కాసేపాగి ఇంకో వత్తి చేసింది. అది చప్పుడు లేకుండా వెలిగింది. అంతలోనే మూకుడులో నురుగు పైకి పొంగింది. “నెయ్యి కాస్తే నురుగు అణిగాక దించాలి, నూనె కాస్తే నురుగు లేచాక దించాలి” అంటూ గుడ్డతో పట్టి మూకుడు దించేసింది.

ఆ వత్తి మీదే సబ్బు మంచీచెడూ ఆధారపడి ఉంది. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. నూనెని బట్టి ఈ లెక్క మారుతుంది, ఆముదానికైతే సుమారు 128 గ్రాములు చాలు. ఒంటికి మెత్తగా ఉండాలని కాస్టిక్‌ని ఓ ఐదు శాతం తగ్గించి వేస్తారు. మా చెల్లెలు చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, గ్రాము తేడా రాకుండా తూచి, కాస్టిక్‌నే నీళ్ళలో వేసింది. నీళ్ళు తీసుకెళ్ళి కాస్టిక్ మీద పోస్తే చిమ్ముతుంది. ఇదంతా శిక్షణలో నేర్పారు. కానీ కాచిన నూనెలో నీరు మిగిలితే తూకంలో అదీ నూనె కిందే లెక్కకొస్తుంది. అప్పుడు నూనె తగ్గి కాస్టిక్ పాలు పెరుగుతుంది, తగ్గించి వేసిన జాగ్రత్తంతా వృథా అవుతుంది. పైగా తడి ఉన్న నూనె నిలవకి ఆగదు. ఎంత మంచి త్రాసైనా ఆ తడిని పట్టుకోలేదు. దొడ్డమ్మ చెవి పట్టుకుంది.

రంగు సంగతి కొనేవాళ్ళు తెలుసుకోవాలి. కాస్టిక్ తగిలాక ఆకు పచ్చదనం నిలవదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరేసరికి సబ్బు ఖాకీ రంగుకి తిరుగుతుంది. ఆకు పసరుతో చేశామంటూ నిగనిగలాడే పచ్చసబ్బు చూపిస్తే అనుమానించాల్సింది దాన్నే.

ఈ సబ్బు రోగాలు కుదురుస్తుందని నేననను. కాస్టిక్ ధాటికి ఆకు గుణాల్లో చాలావరకు మిగలవు. నిమిషంలో కడిగేసుకునేది మందెలా అవుతుంది? చట్టం కూడా మామూలు ఒంటిసబ్బుని సౌందర్య సాధనంగానే చూస్తుంది. మంచి నూనె మాత్రం ఉంది. పెద్ద ఫ్యాక్టరీలు విడదీసి వేరే అమ్ముకునే గ్లిజరిన్ ఇక్కడ సబ్బులోనే ఉండిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ ఊళ్ళో ఇళ్ళలో నూనె కాచుకోవడం ఎప్పుడో మానేశారు. తలకి రాసే నూనె, కీళ్ళనొప్పుల నూనె అన్నీ కొట్లోంచే వస్తున్నాయి. దొడ్డమ్మ పొయ్యి ఇంకా వెలుగుతున్నదంటే ఈ సబ్బు పుణ్యమే. రంగుచుక్కకి ఒప్పుకున్న రోజున ఆ పొయ్యితోపాటు ఆవిడ విద్యా ఆరిపోతుంది.

వచ్చేముందు ఆవిడ పక్కావిడతో అంటున్న మాట చెవిన పడింది. “శిక్షణకెళ్ళినోళ్ళందరికీ సర్టిఫికెట్లిచ్చారు. నన్నేమో కట్టెలు మోసేవాళ్ళ పక్కన కూలీ లెక్కలో రాశారు.”

నాకు కడుపు మండింది. కాస్టిక్ తూచడం పది రోజుల్లో నేర్పొచ్చు, దానికి కాగితం ఇస్తున్నారు. ఏళ్ళు పట్టే విద్యకి కూలీ కట్టి ఊరుకుంటున్నారు. సంఘాన్నీ, శిక్షణలు నడిపేవాళ్ళనీ నేనడిగేది ఒక్కటే. ఈసారి శిక్షణ ఆ మూకుడు దగ్గరే మొదలుపెట్టండి. పాఠం దొడ్డమ్మ చెబుతుంది. బయటినుంచి వచ్చే మాస్టారికి రోజుకెంత ఇస్తారో ఆవిడకీ అంతే ఇవ్వండి. సబ్బు ఖాకీ రంగులో ఎందుకుందో అట్టపెట్టె మీద అచ్చు వేయించండి. ఆ రంగు వద్దనే కొట్టుకి సరుకు పంపకండి.