కంభం చెరువులో బుల్లి గాలం

మార్కాపురం పలక మీద చేప బొమ్మ గీయడానికి పిల్లలకు ఎంతసేపు పడుతుంది? అదే చేప గాలానికి చిక్కి గిలగిల్లాడుతుంటే చూడాలంటే మాత్రం రైలెక్కి కంభంలో దిగాలి. మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ, నల్లమల కొండల పక్కన, అంత పేరున్న చెరువు ఇంకోటి లేదు మరి!

ఆదివారం పొద్దున్నే ఓ కుటుంబం చెరువుకు బయల్దేరిందనుకోండి. తాత భుజాన వెదురు గాలం, మనవడి చేతిలో ఎర్రల డబ్బా, అమ్మ చేతిలో పులిహోర క్యారేజీ. చెరువు కనబడగానే అందరి కళ్లూ వెతికేది ఒక్కదాన్నే... నీడను. ఈ సీమ ఎండలు తెలిసినవాళ్లెవరైనా చేసే పని అదే. చిక్కంతా కూడా అక్కడే ఉంది. కంభం చెరువులో నీడ ఉన్నచోట లోతు ఎక్కువ. లోతు లేనిచోట తలదాచుకోవడానికి చెట్టు దొరకదు.

ఎందుకలా అంటే, ఈ చెరువు పుట్టుకే అలాంటిది. గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లను రెండు కొండల నడుమ కట్ట వేసి ఆపారు. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీన్ని కట్టించిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. 1522-24 నాటి ఈ చెరువును, పక్కనే కడప సీమలోని పోరుమామిళ్ల చెరువుతో పాటు, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ వారసత్వ కట్టడంగా గుర్తించింది. నిండితే పొడవు ఏడు కిలోమీటర్లు, వెడల్పు సుమారు మూడున్నర. కట్ట ఎత్తు 57 అడుగులు! అంటే అయిదారంతస్తుల మేడంత. కొండ నీడ, చల్లగాలి, కూర్చోవడానికి రాళ్లు... కట్ట దగ్గర అన్నీ బాగుంటాయి. కాలు జారితే మాత్రం పిల్లాడికే కాదు, తాతకు కూడా నేల అందదు.

పోరుమామిళ్ల చెరువుకు 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అందులో చెక్కించారు. నేల ఎలా ఉండాలి, కొండ ఎక్కడ తగలాలి, రాయి ఎక్కడ దొరకాలి... అన్నీ చెప్పారు. ఇంజినీరు విశ్వేశ్వరయ్య ఇంటిపేరైన మోక్షగుండం కూడా కంభం చుట్టుపక్కలదే. నీళ్ల సంగతి ఇంత తెలిసిన ఈ సీమలో, పిల్లల్ని ఏ ఒడ్డున కూర్చోబెట్టాలో మాత్రం ఎవరూ రాయిమీద చెక్కలేదు. ఆ పని ఇంటి పెద్దలే చూసుకోవాలి.

సరే, కట్ట వద్దనుకుని నీళ్లు పలచగా పరుచుకున్న లోపలి ఒడ్డుకు వెళ్తే? అక్కడ ఇంకో తంటా. వేసవిలో ఎండిన చెరువుల్లోంచి పొలాలకనీ, ఇటుకలకనీ మట్టి తోలుకుపోతుంటారు. వానలొచ్చి చెరువు నిండాక ఆ గుంతలు కంటికి కనబడవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్న పిల్లాడు ఒక్క అడుగుతో మునిగిపోయేది అలాంటి చోటే. చెరువుల దగ్గర జరిగే ఎన్నో ఘోరాల వెనక ఈ గుంతలే ఉంటాయి. ఒండ్రు బురద సంగతి సరేసరి! అందులో కూరుకున్న చిన్న కాలిని లాగడం పెద్దవాళ్లకే కష్టం.

మరి ఎక్కడ కూర్చోవాలి? చెట్టు నీడను కాకుండా కొండ నీడను చూసుకోవాలి. చెట్టు నీడ చెట్టు చుట్టూనే తిరుగుతుంది. కొండ నీడ ఒడ్డంతా పరుచుకుంటుంది. తూర్పున కొండ ఉన్న ఒడ్డున పొద్దుటిపూట, పడమట కొండ ఉన్న ఒడ్డున సాయంత్రంపూట చల్లగా ఉంటుంది. చేపలు ఎర ముట్టుకునేదీ ఆ వేళల్లోనే. ఎండ ముదిరితే అవీ లోతుకు దిగిపోతాయి. ఆ కొండ పాదం చదునుగా మారి నీళ్లలోకి మెల్లగా దిగే చోటు చూసి, ఒడ్డున నిలబడే పొడవాటి కర్రతో పొడిచి చూడాలి. రెండు బారల దాకా పిల్లాడి మోకాలు దాటకపోతే, నేల గట్టిగా తగిలితే... ఆ చోటు మనది. నీడ కోసం తుమ్మ చెట్టు కిందికి మాత్రం చేరకండి. కింద ముళ్లు కాళ్లకు, పైన కొమ్మలు గాలానికి! కానుగో వేపో కనబడితే సంచులు అక్కడ పెట్టుకోవచ్చు.

తూము దరిదాపులకు అసలు వెళ్లకూడదు. తూము తీసి ఉంటే నీరు లోపలికి లాగుతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. అలుగు పారుతున్నప్పుడు చూడముచ్చటగా ఉంటుంది కానీ పాచి పట్టిన రాయి మీద పెద్దవాళ్ల కాలే నిలవదు.

ఇన్ని చెప్పినా, అందరికన్నా ముందు అడగాల్సింది జాలరులను. చెరువుల్లో చేపల మీద హక్కు మామూలుగా మత్స్యకారుల సంఘాలదే కాబట్టి వాళ్ల అనుమతి తీసుకోవడం మర్యాద. పైగా ఏ ఒడ్డున గుంత ఉందో, ఎక్కడ బురదో వాళ్లకే తెలుసు.

పిల్లలకు పెద్ద సరంజామా అక్కర్లేదు. తేలికైన వెదురు బద్ద, రెండు బారల దారం, చిన్న కొక్కెం, జొన్నబెండు చాలు. బొచ్చె, శీలావతి పడకపోయినా పరిగెలు పడతాయి, పిల్లలకు అదే పండగ. జెల్ల పడితే మాత్రం పెద్దవాళ్లే విప్పాలి. దాని ముల్లు గుచ్చుకుంటే రోజంతా సలుపుతుంది. ఒక్కో పిల్లాడికి ఒక్కో పెద్దమనిషి, అదీ ఈతొచ్చిన మనిషి, పక్కనే ఉండాలి. వెనకటికి సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పేవారు కదా... ఇప్పుడు మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను ఒకటి పొడవాటి తాడుకు కట్టి దగ్గర పెట్టుకుంటే ఆపదలో విసరడానికి పనికొస్తుంది.

రాచర్ల మండలంలోని నెమలిగుండ్ల రంగనాయకస్వామి కోన ఇంతకన్నా చల్లగా ఉంటుంది కదా అని కొందరికి అనిపించవచ్చు. నిజమే, గుండ్లకమ్మ కొండల్లోంచి దూకి గుండంలో పడే చోటు అది. అయితే అది దండం పెట్టుకుని, దూరం నుంచి చూసి రావాల్సిన నీరు. గుండం లోతు పిల్లలకు చెలగాటం కాదు. నల్లమలలో అభయారణ్యం హద్దుల్లోనైతే చేపలు పట్టడమూ నేరమే.

అన్నట్టు, బడికి సెలవులు వేసవిలో వస్తాయి. చెరువుకు నీళ్లు వానల తర్వాత వస్తాయి. వేసవిలో వెళ్తే చాలా ఏళ్లు బురదే ఎదురవుతుంది, వానలు ముఖం చాటేసిన ఏడాది అదీ ఉండదు. సంక్రాంతి సెలవులే సరైనవి. అప్పటికి నీరు తేరుకుంటుంది, ఎండ ఇంకా ముదరదు. గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో కంభం స్టేషన్ ఉంది. పొద్దున వెళ్లినవాళ్లు పదింటికల్లా గాలాలు చుట్టేయాలి. పులిహోర క్యారేజీ మాత్రం నీళ్లకు దూరంగా, వేపచెట్టు కింద విప్పుకోవచ్చు. పిల్లలు తింటూ, పట్టిన పరిగె ఎంత పొడవో చేతులు చాచి చూపిస్తారు. ప్రతి ముద్దకూ అది జానెడు పెరుగుతుంది.