విజయనగరము నుండి శ్రీకాకుళము వఱకు: ఒక చప్పుడు వెంట

విజయనగరము చెవిగలవారి యూరని పెద్దలు చెప్పుదురు. 1919వ సంవత్సరమున ఇచ్చట నెలకొన్న విజయరామ గానపాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ యైదింటితో ఐదు తాళములను ఏకకాలమున నడపినవారని వారికి ప్రసిద్ధి. 1936లో వారి తరువాత ఆ పీఠమును అలంకరించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారికి చిన్ననాటినుండియు చూపు మందము. ఆ లోపమే ఆయనను ఫిడేలునకు అప్పగించినది. ఇట్టి యూరిలో కాపురముండుటచే మాబోంట్లకును ఒక చప్పుడు వినబడినంతనే, ఇది యెక్కడిది, ఏ నడకలో నడచుచున్నది యని విచారించు అలవాటు కొంత అబ్బినది.

కార్తికమాసమున మా అమ్మాయికి వీణ చేయింపనెంచి బొబ్బిలికి ప్రయాణమైతిమి. మూడేండ్లుగా ఆ పిల్ల పరుల వీణపై సాధన చేయుచున్నది. ఇంటి ఖర్చులలో రెండేండ్లుగా మిగిల్చిన సొమ్ము నా సంచిలో నుండెను. బొబ్బిలిలో బయానా ఇచ్చి, అచ్చటినుండి రాజాము, పొందూరు మీదుగా శ్రీకాకుళము చేరి, అరసవల్లి సూర్యనారాయణస్వామిని సేవించి ఇల్లు చేరుట మా సంకల్పము. బస్సులున్నవి, కాని మూడు తావుల దిగి ఎక్కుటకంటె మోటారు సైకిలే మేలని మావారనిరి.

మోటారు సైకిలు సంగతి మనకేల యని పుట త్రిప్పబోవు సోదరీమణులకు ఒక మనవి. వెనుక కూర్చుండి పోవువారము మనమే గదా! ముందు కూర్చుండు పురుషునకు గాలిహోరు తప్ప వేఱొకటి వినబడదు. ఎడమవైపునకు కాళ్లు వ్రేలవేసి కూర్చుండు మనకు, మా బండి వంటి బండ్లలో, చైను సరిగా పాదముల క్రిందనే తిరుగుచుండును. చెవికి అందకమునుపే అరికాలికి కొన్ని సంగతులు తెలియును.

తెల్లవాఱుచుండగా బయలుదేరితిమి. గజపతినగరము చేరుసరికి చంపావతీనదిమీద మంచు ఇంకను విడలేదు. చేలు పండి వంగియున్నవి. ఎడమచేతి వైపున తూర్పు కనుమలు నీలిగా కనబడుచుండెను. దారిప్రక్క గుంటలలో నానవేసిన గోగుకట్టల వాసనకు ముక్కు మూసికొనని పరదేశి యుండడు. ఈ ప్రాంతమువారికి మాత్రము అది ఇంటివాసనయే. నాకైతే ఆ వాసనతోనే సెలవులును, పుట్టినిల్లును జ్ఞప్తికి వచ్చును.

గజపతినగరము దాటిన కొంతసేపటికి చప్పుడు ప్రారంభమయ్యెను. టక్కు మని ఒకటి, కొంత విరామము, మరల టక్కు. మావారు సంచిలోని టిఫిను గిన్నెలనిరి. గిన్నెలను తుండుగుడ్డతో చుట్టితిమి. చప్పుడు పోలేదు. స్టాండు స్ప్రింగు సడలినదేమో యని దానిని కాలితో నదిమి పట్టి చూచితిమి. పోలేదు. ఒక కూడలియందు మెకానికును ఆశ్రయించితిమి. అతడు బండిని నిలిపియుంచి ఇంజను హోరెత్తించి, చెవి యొగ్గి, రెండు నిమిషములలో తీర్పు చెప్పెను.

“ట్యాపెట్లు పోనాయి బాబూ. ఇంజనిప్పాల. ఏడెనిమిదేలవుద్ది.”

ఆ మొత్తము వినగానే నా సంచి బరువు సగమైనట్లు తోచినది. బండి లేనిచో మావారు పాఠశాలకు పోవలేరు. వీణకు తొందర లేదు గదా యని ఎవరైన అందురు. మావారును అనలేదు గాని, అనబోవుచున్నట్లు నాకు తెలియుచునే యుండెను.

ట్యాపెట్లనగా నేమో ఇచ్చట కొంచెము చెప్పవలెను. ఇంజనులోనికి గాలిని, పెట్రోలు ఆవిరిని రానిచ్చుటకు ఒక తలుపు, కాలిన పొగను వెడలించుటకు ఒక తలుపు ఉండును. వానిని తెఱచు మీటలకును తలుపులకును నడుమ వెండ్రుకవాసి సందు ఉండవలెను. ఆ సందు పెరిగినచో మీట తలుపును కొట్టి టిక్కుటిక్కుమనును. మంచి ఇంజనునందు సైతము ఆ సద్దు కొంత యుండును. మెకానికు విన్నది అదియే. కాని అది మేము దారిలో విన్న చప్పుడు కాదు. నిలిచియున్న బండి ఇంజను నిమిషమునకు సుమారు 1,200 మాఱులు తిరుగును. రెండు చుట్లకు ఒకసారి తలుపు తెఱచుకొనును. కావున నిమిషమునకు 600, అనగా సెకనుకు పది దెబ్బలు. ఏ తాళజ్ఞుడు వానిని వ్రేళ్లపై లెక్కింపగలడు? మా చప్పుడో, బండి గంటకు ముప్పది కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు సెకనుకు రెండింటికి లోపే వచ్చుచుండెను. పైగా నిలిచియున్నప్పుడు లేనే లేదు.

“మీరు చెప్పునది ఇంజను సద్దు. మాది నడక సద్దు” అంటిని. మెకానికు నావైపు చూడక మావారివైపు చూచి నవ్వెను. ఇంజను విప్పింపక ముందుకు సాగితిమి.

రామభద్రపురమునకు ముందు ఒక పల్లము వచ్చినది. మావారితో చెప్పి ఇంజను ఆపించి, క్లచ్చు పట్టించి, బండిని ఊరక జాఱనిచ్చితిమి. అంత నిశ్శబ్దములో టక్కు, టక్కు మని చప్పుడు మాత్రము మాతోనే దిగినది. వేగము తగ్గిన కొలది చప్పుడు దూర దూరమయ్యెను. మావారు మాటాడలేదు గాని, ఆ తరువాత ట్యాపెట్ల మాట మా నడుమ రాలేదు. ఇక మిగిలినవి చక్రములు, చైను. అందులో ఏది?

బొబ్బిలి కోట, 1757వ సంవత్సరపు యుద్ధము, తాండ్ర పాపారాయుడు, ఇవి మీరెఱుగని కథలు కావు. యుద్ధస్మారకస్తంభమునకు నమస్కరించి నేరుగా గొల్లపల్లికి పోయితిమి. వీణలు చేయు సర్వసిద్ధివారి కుటుంబములుండునది అచ్చటనే. పనస దుంగను తెచ్చి, కుండ, దండి, తల వేఱువేఱుగా అతుకక ఒక్క మ్రానులోనే తొలుచుట వారి విద్య. అందుచేత దానిని ఏకాండి వీణ యందురు. వాకిట పనసపొట్టు పచ్చగా పరచుకొని యుండెను. కొలతలన్నియు ఉలికిని బాడిసకును తెలిసినవే. మేళము కట్టుటయందే అసలు కష్టము. నల్లని మైనపు కట్టపై ఇరువదినాలుగు కంచుమెట్లను ఒక్కొక్కటిగా నిలిపి, తీగ మీటి, చెవి తీర్పు చెప్పువఱకు వెంట్రుకవాసి జరుపుచుందురు. ఒక వృద్ధుడు అట్లు కూర్చుండి యుండగా చాలసేపు చూచుచుంటిని. మీటినప్పుడు ఒకచోట తీగ జీరబోయెను. ఆయన ఆ మెట్టును ఈ మెట్టును ఒక్కొక్కటిగా వ్రేలితో అదిమి, ఏ మెట్టు నదిమినపుడు జీర మానెనో దానినే పట్టుకొని సరిచేసెను. నిమిషము కూడ పట్టలేదు.

బయానా ఇచ్చుటకు ముందే బండి సంగతి తేలవలెనని నేను పట్టుపట్టితిని. వారి వాకిటనే బండిని సెంటరు స్టాండుపై నిలిపితిమి. బడిపంతులుగారి జేబులో సుద్దముక్క ఎన్నడు నుండునదే. వెనుక టైరుపై ఒక గీత గీసితిమి. మావారు చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచుండగా నేను గీత పైకి వచ్చినప్పుడెల్ల లెక్కించితిని. చప్పుడు చక్రములో నున్నచో, అనగా బేరింగు గాని, బ్రేకు డ్రమ్ము గాని, టైరులో చిక్కిన రాయి గాని యైనచో, చుట్టునకు ఒకసారి వినబడవలెను. అట్లు వినబడలేదు. మొదటి చుట్టున లేదు. రెండవ చుట్టున లేదు. మూడవ దానిలో సగమైనంతట చిన్నగా టిక్కుమనెను. మరల లెక్కించితిమి. ఐదు చుట్లకు రెండు. మరల ఐదింటికి రెండు.

అప్పుడు పళ్లు లెక్కించితిమి. వెనుక స్ప్రాకెట్టునకు 42 పళ్లు. చైనునకు 104 లంకెలు. చక్రము ఒకసారి తిరిగినచో 42 లంకెలు మాత్రమే కదలును. చైను ఒక పూర్తి ప్రదక్షిణము చేయుటకు చక్రము ఇంచుమించు రెండున్నర చుట్లు తిరుగవలెను. ఐదు చుట్లకు చైను రెండు ప్రదక్షిణములు. చప్పుళ్లును రెండు! చైనులో ఎక్కడనో ఒకే లంకె దోషము చేయుచున్నదని స్పష్టమైనది. వృద్ధుడు మీటుట మాని మా లెక్కను వినుచుండెను.

లంకెలను ఒక్కొక్కదానిని చేతితో పట్టి చూడగా, దొరికినది. తక్కినవన్నియు పూసలదండవలె జాఱుచున్నవి. ఇది ఒక్కటి వాతము పట్టిన వ్రేలివలె వంగినది చాపుకొనదు. తుపాను వానలలో బండి పదిదినములు బయట నిలిచియుండెను. నీరు దిగి లోపలి కుదురు త్రుప్పు పట్టినది. స్ప్రాకెట్టు దాటి వచ్చునప్పుడు ఆ లంకె చక్కబడక, పైకి లేచి చైను కవరును కొట్టుచున్నది. వేగముగా పోవునప్పుడు అట్టి చైను తెగినచో వెనుక చక్రమునకు చుట్టుకొని దానిని బిగించివేయవచ్చునట. లేదా విసరుకొని కాలికి తగులవచ్చునట. నా పాదములుండు తావు మీకు ముందే చెప్పియుంటిని. ఇంజను విప్పించి ఎనిమిది వేలు పోసియున్నను ఆ లంకె అట్లే యుండెడిది.

బయానా ఇచ్చితిమి.

బొబ్బిలిలో ఒక కుఱ్ఱవాడు డీజిలులో కుంచె ముంచి చైనునంతయు కడిగి, మొరాయించు లంకెను పట్టుకారుతో అటునిటు ఆడించి, గేరు ఆయిలు పోసెను. చప్పుడు మానినది. అయినను చైను సాగినదనియు, స్ప్రాకెట్టు పళ్లు ఒకవైపునకు వాలినవనియు, త్వరలో మార్పింపవలెననియు అతడే చెప్పెను. చెప్పినది నిజము; పళ్లు నేనును చూచితిని.

రాజాము 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీకాకుళము నుండి విజయనగరములో చేరినది. అచ్చట ఆగక పొందూరునకు పోయితిమి. సన్నని ఖద్దరునకు పేరుగన్న ఊరు. వాలుగచేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వుట ఇచ్చటి వింత. చిన్న చిన్న పండ్లుగల ఆ ఎముక దువ్వెనవలె నుండును. దువ్విన ప్రత్తి పొగమంచువలె తేలికయగును. ఒక అవ్వ అరుగుపై రాట్నము త్రిప్పుచుండెను. ఆమె నాతో కబుర్లాడుచునే దారము తీయుచుండెను. నడుమ ఒక్కసారి మాట ఆపి, కదురు కొననుండి కొంచెము నూనె అంటించి, మరల మాట సాగించెను. నాకు ఏ మార్పును వినబడలేదు. “కదురు ఏడ్సింది తల్లీ” అని ఆమె చెప్పినది. నూరవ నంబరు నూలు వడకు చేతికి కదురు అదరినచో దారము తెగునట. ఒక పంచెల చాపు కొని చిలకపాలెము మీదుగా శ్రీకాకుళము త్రోవ పట్టితిమి.

నాగావళి వంతెన దాటునప్పటికి చీకటి పడెను. మావారు వేగము తగ్గించి, తల కొంచెము ఎడమకు వంచి వినుచుండిరి. నేనును అరికాలితో వినుచుంటిని. ఏమియు లేదు.

మఱునాటి యుదయము అరసవల్లిలో దర్శనము. ఏటేట మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు బాలభానుని కిరణములు స్వామి పాదములను తాకును. మేము పోయినది ఆ దినములలో కాదు. దర్శనానంతరము శ్రీకాకుళమున చైనును, ముందు వెనుక స్ప్రాకెట్లను కలిపి మార్పించితిమి. అరిగిన పళ్లపై క్రొత్త చైను వేసినచో అదియు త్వరలోనే చెడును గనుక మూడింటిని ఒక్కసారి మార్చుట లాభము. ఇంజను విప్పుటకు అడిగిన దానిలో నాలుగవ వంతు కూడ కాలేదు. సంక్రాంతి వెళ్లిన పిదప వచ్చి వీణను తీసికొని పొమ్మని గొల్లపల్లివారు చెప్పిరి. దానిని మాత్రము బస్సులోనే తెత్తుము.