పరీక్షల జోజప్ప

మా హాస్టల్ రూములో ముగ్గురం. సెమిస్టర్ పరీక్ష అంటే ముందురోజు సాయంత్రం మా రూములో మూడు రకాల భక్తి నడిచేది. ఒకడు గేటు బయట ఉన్న ఆంజనేయస్వామి గుడికి వెళ్లి బొట్టు పెట్టుకుని వచ్చేవాడు. ఇంకొకడిది బాప్టిస్టు కుటుంబం, మంచం పక్కన మోకాళ్లేసి కళ్లు మూసుకునేవాడు. నేను పర్సులోంచి ఒక చిన్న బొమ్మ తీసి హాల్ టికెట్‌తో పాటు పెట్టుకునేవాణ్ని. పొడవాటి అంగీ వేసుకున్న ఒక సన్యాసి, చేతులు చాచి, నేలని వదిలి గాల్లో తేలుతుంటాడు.

"ఎవర్రా ఈయన, సూపర్‌మ్యానా?" అన్నాడు గుడికెళ్లేవాడు మొదటిసారి చూసి.

కూపర్టినో జోసెఫ్. మా నాయనమ్మ భాషలో పరీక్షల జోజప్ప. యేసును పెంచిన జోజప్ప వేరు, ఈయన వేరు. ఆపిల్ కంపెనీ హెడ్డాఫీసు ఉన్న కూపర్టినో ఊరు తెలుసు కదా, ఆ పేరు ఈయన నుంచి వచ్చిందే అని చెబితే మావాడు వెంటనే గూగుల్ చేసి, బొమ్మ వైపు కాస్త గౌరవంగా చూశాడు.

ఈయన 1603లో ఇటలీ దక్షిణాన పుట్టాడు. తండ్రి వడ్రంగి, అప్పులు మిగిల్చి పోయాడు. పిల్లాడికి చదువు ఎక్కేది కాదు. నోరు తెరుచుకుని ఎటో చూస్తూ ఉండిపోయేవాడని తోటిపిల్లలు 'నోరు తెరిచినోడు' అని పేరు పెట్టారు. అలాంటివాడు గురువు కావాలనుకున్నాడు. పరీక్ష పెట్టే బిషప్పు సువార్త పుస్తకం తెరిచి, ఎక్కడ వేలు పడితే అక్కడ అడిగేవాడట. జోసెఫ్‌కి బాగా వచ్చింది ఒక్క వాక్యమే, యేసును కన్న తల్లిని పొగిడే వాక్యం. సరిగ్గా అదే పడింది! తర్వాతి పరీక్షలో ముందు కూర్చున్నవాళ్లు బాగా చెప్పేసరికి, మిగతావాళ్లూ ఇలాగే ఉంటారులే అని అందర్నీ పాస్ చేసేశారట. అలా 1628లో గురువయ్యాడు. 1767లో పునీతుడని ప్రకటించారు. పరీక్షలు రాసేవాళ్లందరికీ ఆయనే పెద్ద దిక్కు.

ఇలాంటి పునీతుణ్ని వదులుకునే ఇంజనీరింగ్ స్టూడెంట్ ఉంటాడా?

బాప్టిస్టు ఫ్రెండుకి మాత్రం ఇది నచ్చేది కాదు. "దేవుడితో నేరుగా మాట్లాడొచ్చు కదరా, మధ్యలో ఈయనెందుకు? సిఫార్సా?" అనేవాడు. నాకు తెలిసింది చెప్పేవాణ్ని. మేం పునీతుల్ని పూజించం, మా కోసం దేవుణ్ని వేడుకోమని అడుగుతాం. "మొన్న వాళ్లమ్మకి ఆపరేషన్ అయితే, ప్రేయర్ చెయ్యమని వీడు నిన్ను అడిగాడా లేదా? అలాగే." వాడు పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ అప్పటికి ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ జవాబు చెప్పిన నేనే దాన్ని నమ్మినట్టు బతకలేదు. నాకు జోజప్ప అంటే గెస్ పేపర్. అంతే.

సెకండియర్ రెండో సెమిస్టర్‌లో సిగ్నల్స్ పరీక్షకి రెండో యూనిట్ ఒక్కటే చదివి వెళ్లాను. ఆయనకి ఒక్క వాక్యం వస్తే చాలింది, నాకు ఒక్క యూనిట్ చాలదా అని. పేపర్లో ప్రతి యూనిట్ నుంచీ ప్రశ్న ఉంది. నాకొచ్చిన ప్రశ్న ఒకటి రాసి, మిగతా రెండు గంటలూ ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాను.

రిజల్ట్స్ వచ్చాయి. సిగ్నల్స్ ఒక్కటే కాదు, మూడు పోయాయి. పాతవి రెండు ఎలాగూ ఉన్నాయి. క్రెడిట్స్ లెక్కేస్తే, సప్లీలో కనీసం రెండు గట్టెక్కకపోతే డిటెయిన్. ఒక ఏడాది పోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏమవుతుందో తెలీదు. నాన్న కౌలుకి భూమి తీసుకుని మిర్చి వేస్తాడు. నాన్న ఫోన్ చేసి "ఏమైందిరా?" అంటే "అన్నీ పాసయ్యాను నాన్నా" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

ఆ తర్వాత మూడు వారాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. రూములో నవ్వేవాణ్ని, మాట్లాడేవాణ్ని కాదు. ఒకరోజు రాత్రి మెస్‌కి వెళ్లకుండా టెర్రస్ ఎక్కి కూర్చున్నాను. ఎందుకు ఎక్కానో ఇక్కడ ఇంతకంటే రాయను. రాయకపోయినా మనలో కొంతమందికి అర్థమవుతుంది.

పర్సులో బొమ్మ ఉంది. తీశాను. ఫోన్ లైటు వెలుగులో చూస్తుంటే, చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన ఆయన కథలో నేను ఎప్పుడూ దాటేసే భాగం గుర్తొచ్చింది. పరీక్ష కథ కంటే ముందుది. జోసెఫ్ మొదట చేరిన మఠంలో చేతిలో పళ్లేలు పడేసి పగలగొట్టేవాడు. ఎనిమిది నెలలు చూసి, నువ్వు దేనికీ పనికిరావని పంపించేశారు. ఇంటికొస్తే అక్కడా సంతోషపడినవాళ్లు లేరు. చివరికి వాళ్లమ్మే పూనుకుని ఇంకో మఠంలో పని ఇప్పించింది, పశువుల కొట్టంలో. గాల్లో తేలిన మనిషికి కూడా ముందు ఎవరో ఒకరు మాట సాయం చెయ్యాల్సి వచ్చింది. మావాడు అడిగిన సిఫార్సు ఇదే కదా అనిపించింది.

ప్రార్థన చెయ్యాలని నోరు తెరిచాను. "పాస్ చేయించు" అని రాలేదు. "నాకు భయంగా ఉంది" అని వచ్చింది. పైకే అన్నాను. మూడు వారాల్లో నేను పలికిన మొదటి నిజం అది.

పదినిమిషాల తర్వాత బాప్టిస్టు ఫ్రెండు పైకి వచ్చాడు, నా ప్లేటు కింద అలాగే ఉందని వెతుక్కుంటూ. దీన్ని అద్భుతం అని నేను అనను. వాడు రోజూ నా కోసం చపాతీలు దాచేవాడు, ఆరోజూ దాచాడు. కానీ అప్పటికే ఒకసారి పైకి అనేసిన మాట కాబట్టి రెండోసారి అనడం సులువైంది. వాడితో కూడా అదే అన్నాను. వాడు ఏమీ సలహా ఇవ్వలేదు. పక్కన కూర్చున్నాడు. తెల్లవారాక, "నాన్నకి చెయ్యి. నేనిక్కడే ఉంటా" అన్నాడు.

చేశాను. అంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తిడతాడనుకున్నాను.

"నల్ల తామర పురుగుకి మన మిర్చి మొత్తం పోయిందిరా. నువ్వు చదువుకుంటున్నావని నీకు చెప్పలేదు" అన్నాడు నాన్న. కాసేపాగి, "పోతే ఒక ఏడాది పోద్ది. నువ్వుండు చాలు" అన్నాడు.

ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరికి తెలీకుండా ఒకరం భయపడుతూ బతికాం. మా ఇద్దరి సంగతీ తెలియకపోయినా ఇద్దరి పేర్లూ రోజూ జపమాలలో చెబుతూ నాయనమ్మ ఒక్కతే కూర్చుంది.

సప్లీకి అయిదు యూనిట్లూ చదివాను. గుడికెళ్లేవాడు రాత్రుళ్లు కూర్చుని కాన్వల్యూషన్ నేర్పించాడు. రెండు పాసయ్యాను, గట్టెక్కాను. మిగతావి తర్వాతి ఏడాది. ఇంటికెళ్లినప్పుడు నాయనమ్మకి ఒక్క యూనిట్ సంగతి చెప్పి, "మీ జోజప్ప నన్ను ముంచాడు" అన్నాను నవ్వుతూ.

"ఆయన వచ్చిన ఆ ఒక్క ముక్కైనా మనసుపెట్టి చదివాడు. నువ్వు అదీ చదవలేదు. అబద్ధమాడితే ఆయన మాత్రం దేవుడి దగ్గర ఏం చెబుతాడయ్యా?" అంది.

నాకు ఇప్పుడు వేడుకోలు అంటే అదే అర్థమవుతోంది. మన తరఫున ఎవరైనా అడగాలంటే, మన అవసరం ఏంటో ముందు మనం నోరు తెరిచి చెప్పాలి. పునీతుడికైనా, నాన్నకైనా, పక్క మంచం వాడికైనా. నా మటుకు నాకు ఆ నోరు జోజప్ప దగ్గరే మొదట తెరుచుకుంది. మీకు ఇంకెక్కడైనా తెరుచుకోవచ్చు. తెరుచుకోవడం ముఖ్యం.

సెప్టెంబర్ 18 ఆయన పండగ. పోయిన ఏడాది ఆరోజు చర్చిలో కొవ్వొత్తి వెలిగించడానికి బయల్దేరుతుంటే ఆంజనేయస్వామి భక్తుడు ఆపాడు.

"గేట్ రాస్తున్నాన్రా. మీ సూపర్‌మ్యాన్‌కి నా పేరు కూడా చెప్పు."

"ఏమని చెప్పను?"

వాడు జోక్ వెయ్యబోయి ఆగాడు. "భయంగా ఉందని చెప్పు" అన్నాడు.