ఎండ వండే తాండ్ర

జామ్‌ సీసా ఏ కొట్లోనైనా దొరుకుతుంది. మామిడి తీపిని ఏడాది పొడవునా దాచిపెట్టే మన పద్ధతిని చూడాలంటే మాత్రం, మండు వేసవిలో ఆత్రేయపురం దారి పట్టాల్సిందే!

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా వెళ్తే కాలువ పక్కనే సాగే రోడ్డు. కొబ్బరిచెట్ల నీడ, అరటి తోటల పచ్చదనం. ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఏప్రిల్‌, మే నెలల్లో ఆ ఊరి సంగతే వేరు. ఊళ్లో అడుగుపెట్టగానే పలకరించేది మామిడి వాసన.

ఎండ బాగా తగిలే చోటల్లా చాపలే. బాగా ముగ్గిన పళ్లను కడిగి, తొక్క తీసి, గుజ్జు పిండుతారు. పీచు లేకుండా వడకట్టి పంచదారో, బెల్లమో కలుపుతారు. దాన్ని చాప మీద పల్చగా పరిచి ఎండలో వదిలేస్తారు. అది ఆరాక దానిమీద మరో పొర. ఇలా రోజుల తరబడి పొరమీద పొర వేస్తేనే మందమైన తాండ్ర తయారవుతుంది. ముక్క అడుగున గళ్లు గళ్లుగా కనిపించేవి చాప అల్లిక గుర్తులే.

జామ్‌కి పొయ్యి కావాలి, తాండ్రకి ఎండ చాలు. సూత్రం మాత్రం ఒక్కటే. పండులోని నీరు తగ్గి తీపి పెరిగితే, బూజు పెరగడానికి కావాల్సిన తేమ దొరకదు. అందుకే అది నెలల తరబడి నిలవ ఉంటుంది.

మేం వెళ్లిన రోజు మూడింటికల్లా మబ్బు కమ్మింది. అంతే, ఊరు ఊరంతా పరుగు! చాపకి ఇద్దరు చొప్పున పట్టుకుని లోపలికి చేరవేశారు. పక్కింటివాళ్లూ వచ్చి చెయ్యేశారు. నేనూ ఓ కొస పట్టుకున్నాను. నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు తాండ్రకి కాకుల కాపలా మా పిల్లల పని. ఓ మధ్యాహ్నం గోళీలాటలో పడి వాన సంగతే మరిచిపోయాం. నాలుగు రోజుల కష్టం నీళ్లపాలైంది. అమ్మమ్మ పల్లెత్తు మాట అనలేదు. ‘‘పోనీలేరా, ఇంకా పళ్లున్నాయిగా’’ అంది. ఆ ఏడాది మాత్రం పండక్కి డబ్బాలో తాండ్ర లేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంట్లో చేసుకోవాలంటే చాప అక్కర్లేదు. కిలో గుజ్జుకి పావుకిలో పంచదార కలిపి చిక్కబడేదాకా ఉడికించండి. నెయ్యి రాసిన పళ్లెంలో పల్చగా పోసి, పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టండి. ఆరాక మరో పొర వేయండి. సాయంత్రం లోపలికి తేవడం మరవొద్దు. వేలితో తాకితే అంటుకోకపోతే తయారైనట్టే.

వాన వెలిసింది. తాండ్ర తడవలేదు. తిరిగి వచ్చేటప్పుడు అరకిలో కొన్నాను. ఇంటికొచ్చి మా పిల్లల చేతిలో చెరో ముక్క పెట్టి, ఆ కాపలా కథ చెప్పాను. ‘‘మనమూ చేద్దాం, కాపలా మేం కాస్తాం’’ అన్నారు. మర్నాడే డాబా మీద పళ్లెం పెట్టాం. గోళీలు మాత్రం ఇవ్వలేదు!