నెలలు నిండేవేళ కాళ్ళ నొప్పి, రక్తపోటు

నెలలు నిండుతున్న గర్భిణికి కాళ్ళ నొప్పులు, పాదాలకు నీరు మామూలేనని ఇంట్లో పెద్దలు చెప్పే మాటలో చాలావరకు నిజం ఉంది. పెరిగిన గర్భసంచి కటిభాగంలోని సిరలను నొక్కడంతో కాళ్ళ నుంచి గుండెకు రక్తం తిరిగి వెళ్ళడం మందగిస్తుంది, సాయంత్రానికి మట్టెలు బిగుసుకుంటాయి, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతుంది. అయితే రెండు కాళ్ళకూ వచ్చే ఈ వాపు వేరు, ఒక్క పిక్కలోనే, ముఖ్యంగా ఎడమకాలిలో, వాపుతోపాటు వేడి, నొప్పి రావడం వేరు. రెండోది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం కనుక అలాంటి పిక్కను నూనె రాసి మర్దన చేయకూడదు.

ఇక 20 వారాల తరువాత రక్తపోటు 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోవడం వంటి మార్పులు కనిపిస్తే దానిని ప్రీఎక్లాంప్సియా అంటారు. దానికి ఫిట్స్ తోడైతే అదే తెలుగునాట గుర్రపువాతంగా పిలిచే ఎక్లాంప్సియా. ప్రీఎక్లాంప్సియా తరచుగా ఏ బాధా లేకుండానే మొదలవుతుంది కాబట్టి బీపీ చూడకుండా ముగిసిన గర్భిణీ పరీక్ష పరీక్షే కాదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ముఖం హఠాత్తుగా ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.