మా పొలం గట్టు

సంచికకు ఏదైనా వ్రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "నేను ఫిజిక్స్ చదివేవాణ్ణి, నాకు వ్యాసాలేమిటి?" అని తప్పించుకోజూశాను. వాళ్లు వదల్లేదు. తీరా కాగితం ముందు కూర్చుంటే నాకు బాగా తెలిసినవి రెండే అని తేలింది. ఒకటి వ్యవసాయం. రెండవది మా ఇంట్లో చిన్నప్పటినుంచీ దీపాలవేళ చదివే బైబిలు. ఆ రెండూ కలిసినచోట జరిగిన ఒక సంగతి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది గనుక చెప్పడం అంత సులువుగా లేదు.

మాది కృష్ణా డెల్టాలో కాలువ చిట్టచివర ఉన్న ఊరు. శివారు భూములంటే ఏమిటో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. పైవాళ్లందరికీ పారగా మిగిలినవే మా నీళ్లు. మాకున్నది రెండున్నర ఎకరాలు. మా పైమడి బాబాయిది, అంటే మా నాన్న పినతండ్రి కొడుకుది. ఇద్దరికీ ఒకే గట్టు, ఒకే బోదె, ఒకే చర్చి.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు నీళ్లకు కటకట వచ్చి పెద్దలు వంతులు పెట్టారు. మా వంతు రాత్రిపూట పడింది. అప్పటికి రెండు రాత్రులు నిద్ర లేని నాన్న గట్టుమీదే ఒరిగి కునుకు తీశాడు. తెల్లవారి చూస్తే బోదెకు అడ్డంగా మట్టికట్ట, నీళ్లన్నీ బాబాయి మడిలో. మళ్లీ మా వంతు వచ్చేసరికి నారు ముదిరిపోయింది. ముదురునారు సరిగా పిలక వెయ్యదు. ఆ ఏటి పంట అప్పులకే చాలలేదు.

అయితే నాన్నను కోసింది నీళ్లు కాదు, మాట. పెద్దలు పిలిచి అడిగితే బాబాయి "నాకేం తెలియదు, దేవుని తోడు" అన్నాడు. అంతే, అన్నదమ్ముల మధ్య మాట పోయింది. చర్చిలో నాన్న ముందు వరుసలో, బాబాయి గుమ్మం దగ్గర. నెల మొదటి ఆదివారం సంస్కారం ఇచ్చే వేళకు నాన్న లేచి బయటికి వెళ్లిపోయేవాడు. పాస్టరుగారు అడిగితే "తమ్ముడితో మాట లేకుండా ఆ బల్ల దగ్గరికి ఎట్లా వచ్చేదండీ?" అన్నాడట. పౌరుషమూ వదల్లేదు, దైవభయమూ వదల్లేదు మా నాన్న.

ఇక నా సంగతి. ఇంటర్ మొదటి ఏడు దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రమే బాబాయి తన మడిలో యూరియా చల్లి వెళ్లడం చూశాను. రాత్రి పార తీసుకుని వెళ్లి, మురుగుబోదె వైపు గట్టు తెగ్గొట్టి వచ్చాను. తెల్లవారేసరికి నీళ్లతోపాటు ఎరువూ పోయింది. బాబాయి మా గుమ్మం ముందుకు వచ్చి నాన్నను నానామాటలూ అన్నాడు. "నేను చెయ్యలేదురా" అని నాన్న ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. నేను లోపల అన్నం కంచం ముందు కూర్చుని నోరు మెదపలేదు. ఆ ముద్ద ఎట్లా దిగిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

డిగ్రీలో చేరాక ఒక రాత్రి హాస్టల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయం తీశాను. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడగడం, డెబ్బై ఏళ్లసార్లు అని యేసుప్రభువు చెప్పడం, ఆ వెంటనే అప్పుపడ్డ దాసుని కథ. చిన్నప్పుడు వందసార్లు విన్నదే. కాని సైన్సు విద్యార్థిని గదా, లెక్క వేశాను. ఒక తలాంతుకు సుమారు ఆరువేల దేనారాలు. దేనారమంటే ఒక కూలివాని రోజుకూలి. రాజు ఆ దాసునికి రద్దుచేసింది పదివేల తలాంతులు, అంటే ఆరుకోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడువందల రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు తీర్చాలి! వాడు బయటికి వచ్చి తోటిదాసుని గొంతు పట్టుకున్నది నూరు దేనారాలకు, అంటే నాలుగు నెలల కూలికి. ఆరు లక్షలకు ఒకటి నిష్పత్తి. మిత్రులారా, నాలుగు నెలల కూలి పేదవానికి చిన్నదేమీ కాదు. తోటివాడు చేసిన అన్యాయం చిన్నదని ఆ కథ చెప్పడం లేదు. నీకు రద్దయిన అప్పు పక్కన పెట్టి చూసుకోమంటున్నది.

మరి పెద్ద అన్యాయం మాటేమిటి? ఒరిస్సాలో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని 1999 జనవరి 22 అర్ధరాత్రి మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రపోతుండగా తగులబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ తాను హంతకులను క్షమించానని ప్రకటించింది. బారిపదాలో కుష్ఠురోగుల సేవ వెంటనే మాని వెళ్లిపోలేదు, మరికొన్నేళ్లు అక్కడే ఉండి కొనసాగించింది. 2005లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కోర్టు మాత్రం తన పని తాను చేసింది. ప్రధాన నిందితుని యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖాయపరచింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే నాకొకటి తోచింది. క్షమించడమంటే తప్పు జరగలేదనడం కాదు. పగను నా చేతినుంచి దించెయ్యడం.

తోచడం వేరు, చెయ్యడం వేరు. ఆ చెయ్యడమేదో నాన్నే చేసి చూపించాడు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వస్తున్నదని హెచ్చరికలు వచ్చాయి. మా కుప్ప అప్పటికే వేసేశాం. బాబాయి చేను మాత్రం కోసి పనలమీద ఉంది. కొడుకు హైదరాబాదులో ఉన్నాడు, కూలీలు దొరకలేదు. డిసెంబరు 3, ఆదివారం. పొద్దున్నే చర్చికి తయారవుతున్న నాన్న మేఘం వైపు చూసి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "ఒరే అబ్బాయ్, తాళ్లు తీసుకురా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

మమ్మల్ని చూసి బాబాయి నిలబడిపోయాడు. నాన్న అతని మొహం చూడకుండా వంగి మొదటి పన ఎత్తాడు. చీకటి పడేదాకా ముగ్గురం పనలు మోశాం. సగం చేనే కుప్పకు ఎక్కింది. 5వ తేదీన తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మిగిలిన సగం నీళ్లలో మొలకెత్తింది.

ఆ ఆదివారం రాత్రే, కుప్పమీద పరదా కట్టాక, నేను ఉండబట్టలేక చెప్పేశాను. "బాబాయ్, ఆనాడు నీ గట్టు తెగ్గొట్టింది నేను. నాన్నకు తెలియదు."

ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపటికి బాబాయి తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ, "ముందు బోదె కట్టింది నేనే గదరా. దేవుని తోడన్నమాట ఇంకా నా గొంతులోనే ఉంది అన్నయ్యా" అన్నాడు. నాన్న "సరే, వాన వచ్చేట్టుంది, పదండి" అన్నాడు. అంతే. కౌగలింతలూ కన్నీళ్లూ సినిమాల్లోనే.

నాతో మాత్రం నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు "నేను పడ్డ మాటలన్నీ వింటూ కూర్చున్నావు గదరా" అన్నాడు. తల వంచుకున్నాను. కాసేపాగి "అన్నం తిన్నావా?" అన్నాడు. నా ఆరుకోట్ల దేనారాలు రద్దయింది అప్పుడే.

జనవరి మొదటి ఆదివారం నాన్న, బాబాయి ఒకే వరుసలో సంస్కారం తీసుకున్నారు. అయితే ఇప్పుడు నీటివంతులు ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఇద్దరూ సంతకాలు పెడుతున్నారు. క్షమించాక మళ్లీ ఈ పుస్తకమెందుకని నాన్నను అడిగాను. "మళ్లీ క్షమించాల్సిన అవసరం రాకుండా ఉండటానికిరా" అని నవ్వాడు.

మన కాలేజీలోనూ ఎన్నికల్లో మాట తేడా వచ్చి ఏడాదిగా పలకరించుకోని మిత్రులున్నారు, నాకు తెలుసు. మార్చిలో పరీక్షలు ముగిస్తే ఎవరి ఊరు వారిది. ఈలోగా ఎవరో ఒకరు మొదటి పన ఎత్తితే బాగుండును.