నాన్నగారి పుష్పక్

ఆల్విన్ అనగానే పెద్దవారికి ఫ్రిజ్జో, చేతి గడియారమో గుర్తుకు వస్తుంది. ఆ హైదరాబాదు ఆల్విన్ కంపెనీవారే ఒకప్పుడు స్కూటర్లు కూడా చేశారన్న సంగతి ఈ తరం పిల్లలకు తెలియదు. దాని పేరు పుష్పక్. మా నాన్నగారు 1982లో కొన్న పుష్పక్ లాలాపేటలో మా యింటి వసారాలో ఇప్పటికీ ఉన్నది. వారానికి రెండు మూడు సార్లు రోడ్డెక్కుతుంది కూడా.

నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నిజాం రైల్వే కాలంలో, 1893లో వెలిసిన వర్క్‌షాపు అది. మా చిన్నతనంలో మా వీధిలో ఫిట్టరో, టర్నరో లేని ఇల్లు అరుదు. ఇంట్లో చక్కెర నిండుకున్నా సరే, పానాల పెట్టెలో ఒక్క పానా తక్కువైతే నాన్నగారు అన్నం ముట్టేవారు కారు.

ఈ బండి పుట్టిల్లు ఇటలీ. మిలాన్ నగరంలో ఇన్నోచెంతి అనే కంపెనీ 1947 నుండి లాంబ్రెట్టా స్కూటర్లు చేసేది. అక్కడ గిరాకీ తగ్గాక, 1972లో మన ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా ఆ యంత్రాలను కొని లక్నోకు తెప్పించింది. అక్కడ విజయ్ సూపర్ పేరుతో వచ్చిన బండే ఇక్కడ పుష్పక్ అయింది. లక్నోలో స్కూటర్ల తయారీ 1997లో ఆగిపోయింది. 2021లో ఆ సంస్థనే మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కన్నవారూ లేరు, పెంచినవారూ లేరు అన్నట్లుంది దీని గతి!

2019లో నాన్నగారు ప్రభునందు నిద్రించిన తరువాత బండి రెండేండ్లు టార్పాలిన్ కింద పడి ఉన్నది. ఒకనాడు పాత ఇనుము కొనే అతను వచ్చి కిలోల లెక్కన ధర చెప్పాడు. “అన్నా, జాగా అయినా కలిసివస్తుంది, ఇచ్చేద్దాం” అన్నాడు తమ్ముడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మాత్రం పాత చీర గుడ్డ తీసుకొని హ్యాండిలు తుడుస్తూ చాలాసేపు నిలబడింది. మరుసటి రోజే నేను మెకానిక్కును వెదుకుతూ బయలుదేరాను.

నాచారంలో ఒక షెడ్డులో దొరికాడు ఉస్తాద్. డెబ్బయి దాటినవాడు. కంటిపొర వచ్చి చూపు మందగించింది. “పాస్టర్ సాబ్, నాకు కండ్లు సరిగ్గ కనవడ్తలేవు. మీరు చూసి చెప్పుర్రి, నేను విని చెప్తా” అన్నాడు. అలా నేను ఆయనకు కండ్లయ్యాను.

మొదట టాంకు. లోపలంతా తుప్పు. కొద్దిగా డీజిలు, గుప్పెడు చిన్న నట్లు వేసి అరగంట ఊపమన్నాడు. ఎర్రని నీళ్లలాంటిది బయటికి వచ్చింది. మళ్లీ ఊపుడు. నా భుజాలు పడిపోయాయి గాని, నాలుగోసారికి డీజిలు తేటపడింది. తరువాత కార్బురేటరు. పెట్రోలు ఎండిపోయి జిగురై, జెట్టు పూడుకుపోయింది. నేను సన్నని ఇనుప తీగ అందుకోబోతే ఉస్తాద్ చేయి పట్టుకున్నాడు. జెట్టు ఇత్తడిది, ఇనుప తీగ పెడితే రంధ్రం పెద్దదై, ఆ తరువాత బండి పెట్రోలు తాగుతూనే ఉంటుందట. నానబెట్టి గాలి ఊదాలి, అంతే. పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజి పెట్టి 0.4 మిల్లీమీటర్ల సందు నేను చూశాను. కిక్కు కొట్టగానే ఆయన చెవి ఇంజనుకు ఆనించి, “ఇంక జర తగ్గించుర్రి” అన్నాడు. ఆయన విన్నదేమిటో నాకిప్పటికీ తెలియదు. బండి మాత్రం అందుకుంది. పొగ వీధంతా కమ్మింది. అమ్మ వరండాలోకి వచ్చి, “ఆయన వచ్చినట్టే ఉందిరా” అన్నది.

మీ యింట్లోనూ పాత రాజ్‌దూతో, చేతకో, లూనాయో ఉండవచ్చును. వాటి నిమిత్తం రెండు మాటలు. బండిని కొన్నాళ్లు నిలిపేటట్లయితే పెట్రోలు ట్యాపు మూసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడపండి. కార్బురేటరులో జిగురు పట్టదు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. కనుక టాంకులో నెలల తరబడి నిల్వ ఉంచవద్దు, పైపులు ఏటేటా చూసుకోండి. స్కూటరు చక్రం రెండు ముక్కలుగా ఉంటుంది గదా, ఆ నట్లు విప్పే ముందు గాలి పూర్తిగా తీయాలి. లేకుంటే రేకు ఎగిరి ముఖానికి తగులుతుంది. స్పార్కు ప్లగ్గు కొస కాఫీ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. తడిగా నల్లబడితే ఆయిలు ఎక్కువ, తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు.

కాగితాల సంగతి వేరు. 15 యేండ్లు దాటిన బండికి అయిదేండ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 యేండ్లు దాటిన ద్విచక్ర వాహనానికి 2025లో కేంద్రం ఆ రుసుమును రెండు వేల రూపాయలు చేసింది. 50 యేండ్లు నిండితే 2021 నాటి నిబంధనల ప్రకారం వింటేజ్ బండిగా నమోదు చేయించవచ్చును, కాని దానిని రోజువారీ పనులకు నడపకూడదు. మా పుష్పక్‌కు 2032లో ఆ యేడు నిండుతుంది. ఆ గౌరవం నాకు అక్కరలేదు. మౌలాలిలో రోగిని చూడటానికి వెళ్లలేని బండిని అద్దాలలో పెట్టి ఏం చేసుకుంటాను?

విడిభాగాలే కష్టం. పుత్లీబౌలిలో, రాణీగంజ్‌లో అడిగితే కొందరు నవ్వుతారు. లాంబ్రెట్టా ప్రియులు విదేశాల నుండి కూడా ఈ పాత సామాను కొనుక్కుపోతారు గనుక దొరికినదానికీ ధర ఎక్కువే. ఉస్తాద్ దగ్గర ఒక రేకు డబ్బా ఉన్నది, ముప్పయి యేండ్లుగా దాచిన ముక్కలు. ఆయన కొడుకు కరెంటు బండి మీద పార్సిళ్లు చేరవేస్తాడు, ఈ పని వద్దన్నాడు. మా సంఘంలో ఇంటరు చదివే ఒక పిల్లవాడు మాత్రం శనివారాలు షెడ్డుకు వెళ్తున్నాడు. ఉస్తాద్ వాడి చేతిలో ప్లగ్గు పెట్టి రంగు అడుగుతాడు. వాడు తప్పు చెబితే తిట్లు ఉర్దూలో పడతాయి, వాడికి ఉర్దూ వచ్చేస్తున్నది.

క్లచ్ ఇప్పుడు జారుతున్నది. కార్క్ ప్లేట్లు మార్చాలి. డబ్బాలో మూడు ఉన్నాయి, నాలుగోది వెదుకుతున్నాము.